సొల్యూషన్ చూస్తే అర్థమవుతుంది, మూసేస్తే రాదు: ఫిజిక్స్ లెక్కలు నేర్చుకోవడం ఎలా

ఇంటర్ ఫస్టియర్‌లో నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది, అట్ట నుంచి అట్ట దాకా ఫిజిక్స్ లెక్కలే. రోజూ స్టడీ అవర్‌లో గైడు పక్కన పెట్టుకుని, ప్రశ్న రాసి, కింద సొల్యూషన్ దించి, జవాబు చుట్టూ ఎర్ర పెన్నుతో డబ్బా గీసేవాణ్ణి. రాస్తున్నంతసేపూ ప్రతి లైనూ అర్థమయ్యేది, అబద్ధం కాదు, నిజంగానే అర్థమయ్యేది. తీరా పరీక్షలో, వాలు తలం మీద బ్లాకు కిందికి జారే బదులు పైకి తోస్తే ఏమవుతుందని అడిగేసరికి పెన్ను కదల్లేదు. నోట్‌బుక్‌లో అలాంటి లెక్కలు డజను ఉన్నాయి. కానీ వాటిలో నేను చేసింది ఒక్కటీ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు మా వీధిలో పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఇది నా ఒక్కడి కథ కాదని. టెన్త్‌లో తొంభై దాటిన వాళ్లు కూడా ఇంటర్‌లో మెకానిక్స్ దగ్గరికి రాగానే "సార్, చూస్తే తెలుస్తోంది, సొంతంగా రావట్లేదు" అంటారు. దీనికి తెలివితక్కువతనం కారణం కాదు. సొల్యూషన్‌లో ఏ స్టెప్పు తర్వాత ఏ స్టెప్పో ఉంటుంది కానీ, అది రాసినాయన మొదట ఏం చూశాడు, ఎందుకు అటు కాకుండా ఇటు వెళ్లాడు, ఏది పట్టించుకోకుండా వదిలేశాడు అన్నది ఉండదు. పరీక్షలో మనల్ని అడిగేది సరిగ్గా ఆ నిర్ణయాలే. కాబట్టి సొల్యూషన్ల నుంచి నేర్చుకోవడం అంటే వాటి వెనక దాగిన నిర్ణయాలను బయటికి లాగడం. ఎలాగో చెప్తాను.

ముందు ఓ పదిహేను, ఇరవై నిమిషాలు గింజుకోండి

ప్రశ్న చదివిన వెంటనే సొల్యూషన్ తిప్పకండి. అలాగని రెండు గంటలు దాని మీదే కూర్చోవడమూ వద్దు, నేను అదీ చేశాను, పట్టుదల అనుకున్నాను, టైమ్ వేస్ట్. పావుగంట చాలు, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ కాస్త టైమ్‌లో బొమ్మ గీయాలి, ఇచ్చిన విలువలన్నీ యూనిట్లతో సహా పక్కన రాయాలి, ఏం కనుక్కోమన్నారో సొంత మాటల్లో ఒక వాక్యం రాయాలి. అంతవరకు ఫార్ములా జోలికి పోకూడదు. ఇంగ్లీష్ మీడియంలోకి కొత్తగా వచ్చినవాళ్లయితే ఆ వాక్యం తెలుగులోనే రాసుకోండి, ఏమీ తప్పు లేదు. లెక్క రానివాళ్లు అనుకునేవాళ్లలో సగం మందికి అసలు ప్రశ్నే అర్థం కాలేదని నా అనుమానం. "స్మూత్" అంటే ఘర్షణ లేదని, "లైట్ స్ట్రింగ్" అంటే తాడు ద్రవ్యరాశి సున్నా అనుకోమని, "జస్ట్ బిగిన్స్ టు స్లైడ్" అంటే స్థైతిక ఘర్షణ, అంటే కదలని వస్తువును పట్టి ఉంచే ఘర్షణ, గరిష్ఠ విలువకి చేరిందని, ఇవన్నీ మాటల వేషంలో ఉన్న సమీకరణాలు. అవి పట్టుకోకపోతే లోపలికి దారే లేదు.

ఇక ఆగిపోయినచోట ఒక గీత కొట్టి, "ఇక్కడ ఆగాను, ఎందుకంటే..." అని ఒక లైను రాయండి. "ఘర్షణ ఎటువైపో తెలియలేదు", "సైన్ పెట్టాలా కాస్ పెట్టాలా తెలియలేదు" లాంటిది. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే విలువైన లైను ఇదే. ఇప్పుడు సొల్యూషన్ తెరిస్తే మీ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదువుతారు, ఊరికే చదవరు. ఆ జవాబు దొరికిన లైను దగ్గరే ఆగి, గైడు మూసేసి, మిగతాది మళ్లీ మీరే చేయాలి. కింది వరకు చదివేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఒక తెల్లకాగితం మడిచి సొల్యూషన్ మీద పెట్టి, లైను లైనుగా కిందికి జరుపుకోండి.

ఒక లెక్క మొత్తం చేసి చూద్దాం

2 కిలోల బ్లాకు 30 డిగ్రీల వాలు తలం మీద నిశ్చలంగా ఉంచి వదిలారు. స్థైతిక ఘర్షణ గుణకం 0.3, గతిక (జారుతున్నప్పటి) ఘర్షణ గుణకం 0.2. త్వరణం ఎంత?

గైడులో ఇది మూడు లైన్లలో అయిపోతుంది. ఎంజీ సైన్ తీటా మైనస్ మ్యూ ఎంజీ కాస్ తీటా, దాన్ని ద్రవ్యరాశి ఎమ్‌తో భాగించు, జవాబు సెకను వర్గానికి 3.2 మీటర్లు. దించుకోవడానికి ఒక నిమిషం. ఇప్పుడు ప్రతి లైను పక్కనా "ఎందుకు" అని అడుగుతూ వెళ్దాం.

బ్లాకు మీద పనిచేసే బలాలు ఎన్ని? భూమి కిందికి లాగుతోంది, తలం తనకు లంబంగా నెడుతోంది, తలానికి సమాంతరంగా ఘర్షణ ఉంది. మూడే. చాలామంది పిల్లలు నాలుగోదిగా "కిందికి జారే బలం" అని ఒక బాణం గీస్తారు. దాన్ని ఎవరు ప్రయోగిస్తున్నారు అని అడిగితే సమాధానం ఉండదు, ఎందుకంటే అది భారంలో ఒక భాగమే, విడిగా ఇంకో బలం కాదు. నేను పెట్టుకున్న బండగుర్తు ఇది: బాణం గీసిన ప్రతిసారీ "ఈ బలం ఏ వస్తువు వల్ల?" అని అడగాలి, పేరు చెప్పలేకపోతే చెరిపేయాలి. ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో, అంటే ఇలా బలాలను బాణాలుగా గీసే బొమ్మలో, వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ ఒక్క ప్రశ్నతో పోతాయి.

తర్వాత అక్షాలు. ఎక్స్, వై అక్షాలను వాలు వెంట, వాలుకి లంబంగా ఎందుకు తిప్పారు? మామూలుగా అడ్డంగా, నిలువుగా పెట్టుకుంటే తప్పా? తప్పేం కాదు, జవాబు అదే వస్తుంది. కాకపోతే బ్లాకు కదిలేది వాలు వెంటే కాబట్టి, అటు ఒక అక్షం పెడితే రెండో దిశలో త్వరణం సున్నా అయిపోతుంది, రెండు చిక్కుముడి సమీకరణాల బదులు ఒక తేలికైనది, ఒక అతి తేలికైనది మిగులుతాయి. అడ్డం, నిలువు అక్షాలతో ఒకసారి చేసి చూడండి, ఎందుకు తిప్పారో చేతికి నొప్పి పుట్టి మరీ అర్థమవుతుంది.

ఇక సైనా, కాసా అన్న గొడవ. ఇది బట్టీ పట్టకండి. కోణాన్ని సున్నాకి తెచ్చేయండి, అంటే తలం సాఫీగా నేల మీద పడుకుంది అనుకోండి. అప్పుడు బ్లాకును వాలు వెంట లాగేది ఏమీ ఉండకూడదు. సైన్ సున్నా అంటే సున్నా, కాబట్టి వాలు వెంట ఉండేది సైన్. తలం మోసేది మొత్తం భారం, కాస్ సున్నా అంటే ఒకటి, కాబట్టి లంబంగా ఉండేది కాస్. ఐదు సెకన్ల పని.

నాలుగో నిర్ణయం గైడులో అసలు కనిపించదు: బ్లాకు జారుతుందా లేదా? భారంలో వాలు వెంట భాగం 2 × 9.8 × 0.5, అంటే 9.8 న్యూటన్లు. అభిలంబ బలం, అంటే తలం లంబంగా నెట్టేది, 2 × 9.8 × 0.866, దాదాపు 16.97 న్యూటన్లు. స్థైతిక ఘర్షణ గరిష్ఠంగా దానికి 0.3 రెట్లు, 5.1 న్యూటన్లు. లాగేది 9.8, ఆపగలిగేది 5.1, కాబట్టి జారుతుంది. ఈ పని అయ్యాకే గతిక ఘర్షణ వాడే హక్కు మనకు వస్తుంది: 0.2 × 16.97 అంటే 3.39 న్యూటన్లు. నికర బలం 9.8 నుంచి 3.39 తీసేస్తే 6.41, దాన్ని 2తో భాగిస్తే 3.2.

ఆఖరున జవాబును కాస్త వేధించండి. ద్రవ్యరాశి కొట్టేసుకుపోయింది, అంటే 2 కిలోలైనా 20 కిలోలైనా త్వరణం ఒకటే, ఇది నమ్మదగ్గదేనా? కోణం 90 అయితే ఫార్ములా ఏం చెప్తుంది? సరిగ్గా జీ (గురుత్వ త్వరణం), అంటే గోడ పక్కన వదిలేసినట్టు, సరే. మరి కోణం సున్నా అయితే? మైనస్ మ్యూ జీ వస్తోంది! నిశ్చలంగా ఉంచిన బ్లాకు సమతలం మీద దానంతట అదే వెనక్కి పరిగెత్తాలి. అలా జరగదని మనకు తెలుసు. మరి తప్పెక్కడ? ఫార్ములా తప్పు కాదు, అది "బ్లాకు కిందికి జారుతోంది" అన్న షరతు మీద పుట్టింది, సమతలం మీద ఆ షరతే లేదు. ఈ ఒక్క సంగతి గ్రహించినవాళ్లు ఘర్షణ లెక్కల్లో ఇక తడబడరు.

మూడు లైన్ల సొల్యూషన్‌కి ఇంత కథ అవసరమా అంటే, ఇలా ఒక్కటి చేస్తే దించుకున్న పదిటికి సమానం అని నా లెక్క. 1989లో మిషెలిన్ చీ, ఆమె తోటి పరిశోధకులు అమెరికాలో ఇదే విషయాన్ని పరీక్షించారు. న్యూటన్ నియమాల మీద చేసి చూపించిన ఉదాహరణలను విద్యార్థులకు ఇచ్చి, చదువుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. తర్వాత లెక్కలు బాగా చేసినవాళ్లు, ఉదాహరణలు చదివేటప్పుడే ఒక్కో స్టెప్పు ఎందుకొచ్చిందో తమకు తాము ఎక్కువగా వివరించుకున్నారు, తమకు ఎక్కడ అర్థం కాలేదో కూడా పసిగట్టగలిగారు. చేయలేకపోయినవాళ్లు లెక్క ఎదురైనప్పుడల్లా ఉదాహరణను మొదటి నుంచి మళ్లీ చదువుకుంటూ పోయారు. నా ఎర్ర డబ్బాల నోట్‌బుక్ ఏ కోవలోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మ్యూ ఎన్ జబ్బు

ఘర్షణ అనగానే "మ్యూ ఎన్", అంటే ఘర్షణ గుణకం ఇంటూ అభిలంబ బలం, అని రాసేయడం ఒక జబ్బు, సొల్యూషన్లు దించడం వల్లే వస్తుంది, ఎందుకంటే గైడులో ప్రతి లెక్కలోనూ చివరికి మ్యూ ఎన్ ఉంటుంది. 5 కిలోల పెట్టె నేల మీద ఉంది, స్థైతిక ఘర్షణ గుణకం 0.4, దాన్ని 10 న్యూటన్లతో అడ్డంగా తోస్తున్నారు, ఘర్షణ ఎంత అని అడగండి. వెంటనే 0.4 × 5 × 9.8 వేసి 19.6 న్యూటన్లు అంటారు. ఒక్క క్షణం ఆలోచించండి, మీరు ముందుకి 10తో తోస్తుంటే నేల వెనక్కి 19.6తో నెడితే పెట్టె మీ మీదకే రావాలి కదా. ఘర్షణ 10 న్యూటన్లే. 19.6 అనేది అది ఇవ్వగలిగిన గరిష్ఠం. మీరు 15తో తోస్తే అదీ 15 ఇస్తుంది, 25తో తోస్తే చేతులెత్తేస్తుంది, అప్పుడు పెట్టె కదులుతుంది, అక్కడి నుంచి గతిక ఘర్షణ పని మొదలు. అభిలంబ బలం ఎప్పుడూ ఎంజీ అనుకోవడం కూడా ఇదే జాతి తప్పు, వాలు మీద కాదు, లిఫ్ట్ పైకి దూకుడుగా బయల్దేరినప్పుడు కాదు, పెట్టెను ఏటవాలుగా తాడుతో లాగుతున్నప్పుడూ కాదు.

ఏ సూత్రం వాడాలో ఎలా తెలుస్తుంది

అందరూ అడిగే ప్రశ్న ఇది. 1981లో ఇదే మిషెలిన్ చీ మరో ఇద్దరితో కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. ఫిజిక్స్ ప్రశ్నలు రాసిన కార్డులు ఇచ్చి, ఒకేలాంటి వాటిని గుంపులు చేయమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు "ఇవి వాలు తలం లెక్కలు, ఇవి స్ప్రింగు లెక్కలు" అని బొమ్మను బట్టి విడదీశారు. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు "ఇవి శక్తి నిత్యత్వం, ఇవి న్యూటన్ రెండో నియమం" అని లోపలి సూత్రాన్ని బట్టి విడదీశారు. మన గైడులు చాప్టర్ల వారీగా, బొమ్మల వారీగా ఉండటం వల్ల మనకు మొదటి అలవాటే అంటుకుంటుంది.

దీనికి మందు ఏమిటంటే, వారానికోసారి మూడు నాలుగు చాప్టర్ల నుంచి ఓ పది ప్రశ్నలు కలగాపులగంగా తీసి, లెక్క చేయకుండా, ఒక్కో దాని పక్కన ఏ సూత్రం, ఎందుకు అని మాత్రమే రాయడం. పదీ కలిపి అరగంట పట్టదు. నేనైతే ఈ ప్రశ్నలు వేసుకుంటాను: కాలం గానీ త్వరణం గానీ అడిగారా? అయితే బలాలు, న్యూటన్. కాలం ఊసే లేకుండా ఎత్తులు, వేగాలు, దూరాలు మాత్రమే ఉన్నాయా? అయితే ముందు శక్తి వైపు చూడు. ఢీకొనడం, పేలడం, అతుక్కుపోవడం ఉందా? ద్రవ్యవేగం. ఉదాహరణకు 5 మీటర్ల ఎత్తు నుంచి వంకర టింకరగా ఉన్న నున్నటి జారుడుబల్ల మీద పిల్లాడు జారితే కింద వేగమెంత అంటే, న్యూటన్ నియమంతో వెళ్తే ప్రతి వంపు దగ్గరా కోణం మారిపోతూ ఉంటుంది, తల పట్టుకోవాలి. శక్తితో అయితే 2 × 9.8 × 5 కి వర్గమూలం, సెకనుకి 9.9 మీటర్లు, అయిపోయింది. అదే ఎంతసేపట్లో కిందికి వచ్చాడు అంటే మాత్రం శక్తి నోరు విప్పదు, దానికి బల్ల ఆకారం తెలియాలి.

మళ్లీ ఎప్పుడు చేయాలి

సొల్యూషన్ చూసి అర్థమైన లెక్కను అదే రోజు మళ్లీ చేస్తే వచ్చేస్తుంది, అది జ్ఞాపకం, నేర్చుకోవడం కాదు. రెండు రోజులు ఆగి ఖాళీ కాగితం మీద చేయండి. రాకపోతే సొల్యూషన్ మొత్తం చూడొద్దు, మడిచిన కాగితం ఒక్క లైను కిందికి జరిపి, అక్కడి నుంచి అందుకోండి. మరీ కష్టమైన చాప్టర్ అయితే తిరగేసి మొదలుపెట్టండి: మొదటిసారి చివరి స్టెప్పు మాత్రమే మూసి అది మీరు చేయండి, తర్వాతి లెక్కలో చివరి రెండు, ఆ తర్వాత సగం, అలా అలా మొత్తం మీ చేతికి వచ్చేస్తుంది. రొటేషన్ చాప్టర్ నేను ఇలాగే గట్టెక్కాను.

"ఇక్కడ ఆగాను" అని రాసుకున్న లైన్లన్నీ వెనక పేజీల్లో ఒకచోట చేర్చండి. నెల తిరిగేసరికి మీరు ఆగేది యాభై చోట్ల కాదని, ఒకే నాలుగైదు చోట్ల మళ్లీ మళ్లీ అని తెలుస్తుంది. నావి: గుర్తులు, అంటే ప్లస్ మైనస్‌లు, కప్పీ లెక్కల్లో రెండు బ్లాకులకూ కలిపి ఒకే డయాగ్రమ్ గీయడం, గంటకు కిలోమీటర్లను మార్చకుండా వేసేయడం.

ఆ మూడోది చిన్నదే కానీ మార్కులు గుంజుకుపోతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు సెకను వర్గానికి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటే ఎంత దూరంలో ఆగుతుంది? 72ని 3.6తో భాగిస్తే 20, 20 వర్గం 400, దాన్ని త్వరణానికి రెండింతలతో, అంటే రెండు ఐదులు పదితో, భాగిస్తే 40 మీటర్లు. మార్చకుండా వేస్తే 518 మీటర్లు వస్తుంది, అంటే అర కిలోమీటరు. స్టేజీ దాటి పోయిన బస్సు మీద కేకలేసిన అనుభవం ఉన్నవాళ్లకైనా ఆ అంకె చూడగానే అనుమానం రావాలి.

గైడుల గురించి ఒక మాట. వాటిలో అచ్చుతప్పులు మామూలే, జీ విలువ ఒకచోట 9.8, ఇంకోచోట 10 వేస్తారు, అందుకే మీ జవాబు రెండు శాతం అటూ ఇటూ అయితే కంగారు పడకండి. గుర్తు తేడా వచ్చినా, రెండింతలు వచ్చినా మాత్రం తప్పు గైడుదే అని అనేసుకోకుండా యూనిట్లు, డయాగ్రమ్ మళ్లీ చూడండి, నేను గైడుని తిట్టిన పదిసార్లలో ఎనిమిది సార్లు తప్పు నాదే. వీడియో సొల్యూషన్లకూ ఇదే పద్ధతి: ప్రశ్న కనిపించగానే ఆపండి, మీరు చేయండి, ఆగినచోటు దాకా మాత్రమే నడపండి. రెట్టింపు స్పీడులో పెట్టి పది లెక్కలు "చూసేయడం" నా ఎర్ర డబ్బాల నోట్‌బుక్‌కి కొత్త వెర్షన్, అంతే.

ఇప్పుడు మీ వంతు. అదే బ్లాకు, అదే 30 డిగ్రీల వాలు, అవే గుణకాలు. ఈసారి సెకనుకి 6 మీటర్ల వేగంతో పైకి తోశారు. ఎంత దూరం ఎక్కుతుంది, తిరిగొస్తుందా, వస్తే బయల్దేరిన చోటికి ఎంత వేగంతో వస్తుంది? కింది పేరాను చేత్తో మూసి చేయండి.

ఎక్కేటప్పుడు ఘర్షణ కూడా కిందికే, అక్కడే అందరూ పడతారు, నేనూ ఆ పరీక్షలో పడింది అక్కడే. 9.8కి 3.39 కలిపితే 13.19, రెండుతో భాగిస్తే 6.6, కాబట్టి వేగం వర్గం 36ని త్వరణానికి రెండింతలైన 13.2తో భాగించాలి, 2.73 మీటర్లు ఎక్కుతుంది. పైన ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు స్థైతిక ఘర్షణ పట్టి ఉంచగలదా అని చూడాలి, 5.1 చాలదని ముందే లెక్కేశాం, కాబట్టి దిగుతుంది, ఈసారి 3.2 త్వరణంతో. 2 × 3.2 × 2.73 కి వర్గమూలం, సెకనుకి దాదాపు 4.18 మీటర్లు. ఆరుతో వెళ్లింది నాలుగు చిల్లరతో వచ్చింది, మిగతాది ఏమైంది? గతిశక్తి 36 జౌళ్ల నుంచి 17.5కి పడిపోయింది, తేడా 18.5. ఘర్షణ 3.39ని రాకపోకల మొత్తం దూరం 5.46తో గుణించండి, అదీ 18.5 రావాలి.